బాలుగారిని ఏ పుస్తకంలో రాయాలి?

జిరాక్స్ షాపు, అమలాపురం:

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు పుస్తకాలున్నాయి. ఒకటి టీవీ వాళ్ళది. నేను స్వయంగా కలిసినవాళ్ళ సంతకం, తేదీ, నాలుగు ముక్కలు. రెండోది సమాధులది. అందులో మనకి దొరకనంత వెనకటివాళ్ళు. ఎవరి సమాధి దగ్గరకి నా కాళ్ళతో నేను వెళ్ళానో వాళ్ళకే పేజీ. కాటన్ దొరకి అందుకే పేజీ లేదు. మా ఊరి పంతులుగారు సంకల్పంలో ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటారు. ఆయనేమో ఇంగ్లండులో డోర్కింగ్ అనే ఊళ్ళో ఉన్నాడు. మేనల్లుడు ఫొటో పంపాడు గానీ ఫొటో లెక్కలోకి రాదు.

టీవీ పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన పేజీ ఒక సీరియల్ విలన్‌ది. గడియార స్తంభం దగ్గర చీరల షాపు ఓపెనింగుకి వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఒక మామ్మగారు సందు చేసుకుని వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. "ఏవమ్మా, కడుపుతో ఉన్న పిల్ల పాలల్లో మందు కలుపుతావా, నీకు పిల్లల్లేరా?" అని నిలదీసింది. ఆవిడ నవ్వలేదు. "తప్పైపోయింది మామ్మగారూ, ఇంకెప్పుడూ కలపను" అంది. మామ్మగారు శాంతించింది. తర్వాత షాపు వెనక్కి వెళ్ళి, హైహీల్స్ విప్పి చేత్తో పట్టుకుని, మెట్ల మీద కూర్చుంది. మడమకి ప్లాస్టరు, సగం ఊడి వేలాడుతోంది. నేను పుస్తకం చాపితే ఆ మెట్ల మీదే సంతకం పెట్టింది. నా పేరు అడిగి మరీ తప్పుగా రాసింది. దిద్దమనలేదు.

సమాధుల పుస్తకంలో రాజమండ్రిలోని కందుకూరి దంపతులున్నారు, కృష్ణదేవిపేటలో అల్లూరి ఉన్నారు, బందరులో డచ్చివాళ్ళున్నారు. శ్మశానానికి వెళ్ళొస్తే పెరట్లో గోలెం దగ్గర స్నానం చేశాకే గుమ్మం తొక్కాలని మా ఆవిడ రూలు. వీరేశలింగంగారి దగ్గర నుంచి వచ్చినా స్నానమే. ఆయన వింటే ఊరుకునేవాడా!

బందరులో రాళ్ళ మీద కుటుంబ చిహ్నాలు ఎంత బాగా చెక్కారో! అక్షరాలు మాత్రం అరిగిపోయాయి. ఒకదాని మీద కాస్త ముగ్గుపిండి రుద్దితే రెండు లైన్లు కనపడ్డాయి.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న చెన్నై వెళ్ళినప్పుడు తామరైపాక్కం వెళ్ళి బాలుగారి సమాధి చూసొచ్చాను. 1996లో "పాడుతా తీయగా" మొదలైనప్పటి నుంచీ చూసినవాళ్ళం. ఒక్కసారి కూడా కలవలేదు, కాబట్టి టీవీ పుస్తకంలో రాయకూడదు. పోయింది 2020 సెప్టెంబరు 25న. నిన్నగాక మొన్న పోయిన మనిషిని డచ్చివాళ్ళ పక్కన ఎలా రాస్తాం? వారం నుంచి రెండు పుస్తకాలూ బల్ల మీదే ఉన్నాయి. మీరైతే ఏం చేస్తారు?

వశిష్ఠ గట్టు:

సమాధుల పుస్తకంలో వద్దండి. మన పురావస్తు చట్టం ప్రకారం కట్టడానికి నూరేళ్ళు నిండితేనే ప్రాచీనం. అల్లూరి చనిపోయింది 1924 మే 7న, ఆయనకి మొన్ననే నిండాయి. ఆ లెక్కన బాలుగారికి 2120 దాకా ఆగాలి. మీ మనవలకి చెప్పి పెట్టండి.

అల్లూరివారి సొంతూరు మా మోగల్లు కాబట్టి ఆయన పేజీ ఎన్ని లైన్లు రాశారో చెప్పండి. తక్కువైతే ఊరుకోం.

రాళ్ళు చదివేవాడు:

పుస్తకం సంగతి మీ ఇష్టం. ముగ్గుపిండి అన్నారే, అక్కడ ఆగాను. దయచేసి ఇంకెప్పుడూ చేయకండి. పిండి గీతల్లో ఇరుక్కుంటుంది, వానకి తడిసి గట్టిపడుతుంది, రుద్దినప్పుడల్లా రాయి కొంచెం పోతుంది. పైగా బందరు డచ్చి సమాధులు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పాడుచేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. మీరు పాడుచెయ్యాలని చెయ్యలేదని తెలుసు, కానీ వాచ్‌మన్‌కి ఆ సంగతి తెలియదు కదా.

పొద్దు వాలాక వెళ్ళండి, వాళ్ళు గేటు వేసేలోపే. టార్చి రాతికి ఎదురుగా కాదు, పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టండి. గీతల్లో నీడ పడుతుంది, అక్షరం లేచి నిలబడుతుంది. టార్చిని నాలుగు వైపులా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. ఒక దాంట్లో కనపడని అక్షరం ఇంకో దాంట్లో దొరుకుతుంది. మధ్యాహ్నం ఎండలో అయితే గొడుగు నీడ వేసి ఇదే పని చేయొచ్చు.

రాజమండ్రి టీచరమ్మ:

వారం వారం మీ ఇంట్లోకి వచ్చి, పిల్లలకి ఒత్తులు సరిగ్గా పలకమని చెప్పిన మనిషిని కలవలేదంటారేంటండీ? మా క్లాసులో "శ", "ష" తేడా నాకంటే ఆయన వల్లే ఎక్కువమందికి వచ్చింది. టీవీ పుస్తకంలోనే రాయండి.

ఇంకో మాట. కందుకూరివారి పేజీలో, వీరేశలింగంగారు పోయింది 1919లో, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు పోయింది 1910లో. విడివిడిగా రాశారా? ఆవిణ్ణి కూడా ఆయన పేరు కిందే తోసేస్తుంటారు చాలామంది.

జిరాక్స్ షాపు, అమలాపురం:

టీచరమ్మగారూ, తోసేశాను. నిన్న రాత్రి ఆవిడకి వేరే పేజీ పెట్టాను.

వశిష్ఠగారూ, అల్లూరికి పేజీన్నర. చాలా?

టార్చి సంగతి నిజం. షాపు గోడ మీద పాత శిలాఫలకం ఉంటే దాని మీద చూశాను. ఇరవై ఏళ్ళుగా కనపడని దాత పేరు కనపడింది. మా ఓనరు తాతగారే. ముగ్గుపిండికి క్షమించండి, ఇంక ముట్టుకోను.

బాలుగారిది మా ఆవిడ తేల్చేసింది. టీవీ పుస్తకం తిరగేసి, మధ్యలో ఒక ఖాళీ పేజీ చూపించి, "ఇది ఎవరికి వదిలావు?" అంది. నేనే మర్చిపోయాను. పుస్తకం కొన్న కొత్తలో, ఎప్పటికైనా దొరక్కపోతారా అని పైన ఆయన పేరు రాసి వదిలాను. ఇంకు కూడా వెలిసిపోయింది. తామరైపాక్కం తేదీ అక్కడే వేశాను. కింద సంతకం గడి అలాగే ఉంది.

వచ్చే ఆదివారం టార్చి తీసుకుని బందరు వెళ్తున్నా. కారులో ఇద్దరికి చోటుంది. తిరిగొచ్చాక స్నానం ఎవరింట్లో వాళ్ళదే.