బీటా కణాలది హత్యా, ఆత్మహత్యా? టైప్ 1 పిల్లలకు యాంటీఆక్సిడెంట్ పౌడర్ వాడొచ్చా?

ఏలూరు అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. నాలుగు నెలల కిందట టైప్ 1 షుగర్ అని తేలింది. రోజుకి నాలుగు సూదులు. మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన పెట్టిన మెసేజ్ సారాంశం ఇది: ఇన్సులిన్ తయారు చేసే బీటా కణాలు చావడానికి అసలు కారణం ఇన్‌ఫ్లమేషన్ (వాపు), ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఆక్సిజన్ నుంచి పుట్టే ఘాటు పదార్థాలు కణాన్ని దెబ్బతీయడం). యాంటీఆక్సిడెంట్ పౌడర్ వాడితే మిగిలిన కణాలైనా బతుకుతాయి. డబ్బా నాలుగు వేలు, నెలకొకటి. మా ఆయన నిన్న ఒకటి తెచ్చేశారు, ఇంకా మూత తియ్యలేదు. డాక్టర్ గారిని అడిగితే "చంపుతున్నది సొంత ఇమ్యూనిటీ అమ్మా, పౌడర్ ఏం చేస్తుంది" అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

బయోకెమ్ మాస్టారు:
పౌడర్ సంగతి తర్వాత. ఆ మెసేజ్‌లో మొదటి సగం అబద్ధం కాదమ్మా. ఇక్కడ అందరూ మోసం, మోసం అని మీద పడతారు కాబట్టి ముందే చెప్తున్నాను.

బీటా కణం బలహీనమైనది. జర్మనీలో లెన్జెన్ బృందం 1996లో చిట్టెలుకల రకరకాల అవయవాలను పోల్చి చూసింది. కణాన్ని దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విరగ్గొట్టే కాటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు లివర్‌లో దండిగా ఉంటే, ప్యాంక్రియాస్‌లోని ఐలెట్లలో, అంటే బీటా కణాలుండే గుంపుల్లో, మరీ తక్కువ. చుట్టూ చేరిన తెల్లకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా అనే ఇన్‌ఫ్లమేషన్ పెంచే ప్రోటీన్లు వదులుతాయి. వాటి దెబ్బకి బీటా కణం తనకే హాని చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని తనలోనే తయారు చేసుకుంటుంది. అంటే నిప్పు బయటివాళ్లు పెట్టినా కిరసనాయిలు ఇంట్లోదే. ల్యాబులో ఎలుకకి అలోక్సాన్ అనే రసాయనం ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో షుగర్ వస్తుంది. అందులో ఇమ్యూనిటీ ప్రమేయమే లేదు, అంతా ఆక్సిజన్ రాడికల్స్ (ఆ ఘాటు పదార్థాలు) పని.

బొట్టాజో అనే శాస్త్రవేత్త 1986లోనే అడిగాడు, బీటా కణానిది హత్యా, ఆత్మహత్యా అని, అంటే ఇమ్యూనిటీ చంపిందా, తన బలహీనతతో తానే చచ్చిందా అని. నలభై ఏళ్లవుతోంది, కేసు ఇంకా మూసెయ్యలేదు.

ఇరవై ఏళ్ల సూది:
మాస్టారూ, ఎలుక కథ బాగుంది. మనుషుల లెక్క నేను చెప్తాను.

ఎండిట్ అని పెద్ద ట్రయల్ జరిగింది, 2004లో ఫలితాలొచ్చాయి. మందు నికోటినమైడ్, అంటే బి3 విటమిన్ కుటుంబం. ఎలుకల్లో బీటా కణాల్ని కాపాడిందని ఎంతో ఆశ పెట్టుకున్నారు. టైప్ 1 ఉన్నవాళ్ల దగ్గరి బంధువుల్లో, యాంటీబాడీలు (ఇమ్యూనిటీ దాడి మొదలైందని రక్తంలో కనిపించే గుర్తులు) ఉన్నవాళ్లు 552 మందిని తీసుకున్నారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఐదేళ్లు. చివరికి షుగర్ వచ్చినవాళ్లు మందు వైపు 82, ఉత్తుత్తి మాత్ర వైపు 77. ఇంకేం కావాలి?

బయోకెమ్ మాస్టారు:
నికోటినమైడ్ ఫెయిలైతే సిద్ధాంతం మొత్తం ఫెయిలైనట్టు కాదు. అది నేరుగా యాంటీఆక్సిడెంట్ కాదు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు కణం శక్తి తయారీకి కావలసిన ఎన్ఏడీ ఖర్చైపోకుండా ఆపుతుందని ఇచ్చారు. పైగా యాంటీబాడీలు వచ్చేశాక మొదలుపెట్టారు.

వెరపమిల్ చూడండి. పాత బీపీ మాత్ర. బీటా కణంలో టీఎక్స్ఎన్ఐపీ అనే ప్రోటీన్‌ని తగ్గిస్తుంది. ఆ ప్రోటీన్ చేసే పని, కణానికున్న సొంత యాంటీఆక్సిడెంట్ థయోరెడాక్సిన్‌ని కట్టిపడెయ్యడం. 2023లో కొత్తగా తేలిన 88 మంది పిల్లల మీద ట్రయల్ చేస్తే, ఏడాది తర్వాత సి-పెప్టైడ్ (శరీరం సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో చెప్పే కొలత) మందు తీసుకున్నవాళ్లలో 30 శాతం ఎక్కువ. ఇమ్యూనిటీని అణచే మందు కాదది. దీనికేమంటారు?

డ్యూటీ డాక్టర్:
ట్రయల్ గురించి చెప్పింది సరే. మిగతా సగం కూడా చెప్పండి. సి-పెప్టైడ్ మిగిలింది గానీ మూడు నెలల సగటు షుగర్‌లో, ఇన్సులిన్ మోతాదులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వ్యాధి తేలిన నెల రోజుల్లోపే మొదలుపెట్టారు, మరి ఈ బాబుకి నాలుగు నెలలు దాటింది. గుండె లయ మీద పనిచేసే మందు, ఈసీజీ చూడకుండా ఎవరూ రాయరు. ఇది చదివి మెడికల్ షాపుకి వెళ్లొద్దు, దయచేసి.

ఇంకో ముచ్చట, మాస్టారికి నచ్చదు. ఎన్ఓడీ చిట్టెలుకలు తెలుసుగా, జపాన్‌లో పెంచిన జాతి, వాటికి మన టైప్ 1 లాంటిదే దానంతటదే వస్తుంది. వాటి బీటా కణాల్లో కాటలేజ్ కావాలని ఎక్కువ చేశారు. కాపాడాలి కదా? 2006లో వచ్చిన ఫలితం తలకిందులు, షుగర్ ఇంకా తొందరగా వచ్చింది. కణానికి ఆ రాడికల్స్ కొంత మోతాదులో కబురు అందించడానికి కూడా కావాలేమో. ఊడ్చిపారేస్తే మంచిదని ఎవరు చెప్పారు?

ఇక ఇన్‌ఫ్లమేషన్ అంతా ఒకటే కాదు. ఇంటర్‌ల్యూకిన్-1ని ఆపే రెండు మందులు 2013లో ఫెయిల్. టీఎన్ఎఫ్‌ని ఆపే గోలిముమాబ్ 2020లో కొంత పనిచేసింది. బీటా కణాల మీద దాడి చేసే తెల్లకణాలైన టీ-కణాలను పట్టుకునే టెప్లిజుమాబ్, ఇంకా సూదులు మొదలవ్వని దశలో ఉన్నవాళ్లకి వ్యాధిని సుమారు రెండేళ్లు వెనక్కి నెట్టింది. అందుకే 2022 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. హత్యే అంటున్నాను. ఇంటి తలుపు బలహీనమే, ఒప్పుకుంటా. దొంగని వదిలి తలుపుకి రంగు వేస్తే ఎలా?

వరంగల్ నాన్న:
మీరంతా పేపర్లు మాట్లాడుతున్నరు. మా పాపకు ఇట్లాంటి పౌడరే వాడినం. షుగర్ తేలినప్పుడు రోజుకు 18 యూనిట్లు. రెండు నెలలల్ల 6కు వచ్చింది. కళ్లతోటి చూసిన.

ఇరవై ఏళ్ల సూది:
అన్నా, ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఇప్పుడు ఎన్ని యూనిట్లు?

వరంగల్ నాన్న:
22. ఎనిమిది నెలలయినంక మెల్లగ పెరిగింది. అప్పటికి పౌడర్ ఆపలేదు.

ఇరవై ఏళ్ల సూది:
దాన్నే హనీమూన్ పీరియడ్ అంటారన్నా. ఇన్సులిన్ మొదలుపెట్టాక, మిగిలిన కణాలకి కాస్త ఊపిరి ఆడి కొన్నాళ్లు పనిచేస్తాయి. నాకు పౌడర్ లేకుండానే 4 యూనిట్లకి వచ్చింది. మా అమ్మ సాయిబాబా గుడికి మొక్కు కూడా తీర్చేసింది. తర్వాత అందరికీ పెరిగినట్టే నాకూ పెరిగింది. నష్టం ఎక్కడంటే, ఆ నెలల్లో ఎవడు ఏది అమ్మినా పనిచేసినట్టే కనిపిస్తుంది. కొందరు ఏకంగా ఇన్సులిన్ మానేసి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పెరిగి ఐసీయూకి వెళ్తారు.

డ్యూటీ డాక్టర్:
ఏలూరు అమ్మగారూ, డబ్బా మీద విటమిన్ సి ఎంతుందో చూసి చెప్తారా? బాబు చేతికి షుగర్ కొలిచే సెన్సర్ ఉందా?

ఏలూరు అమ్మ:
ఉందండి, పద్నాలుగు రోజులది. డబ్బా మీద ఒక స్పూనుకి 500 మిల్లీగ్రాములు అని ఉంది. రోజుకి రెండు స్పూన్లు వెయ్యమన్నారు.

డ్యూటీ డాక్టర్:
అయితే వెంటనే చెప్పాలి. విటమిన్ సి మోతాదు పెరిగితే కొన్ని రకాల సెన్సర్లు షుగర్‌ని ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి. 110 ఉంటే 160 చూపించిందనుకోండి, మీరు కరెక్షన్ అని అదనపు ఇన్సులిన్ ఇస్తారు. అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. సెన్సర్‌తో వచ్చిన కాగితంలో విటమిన్ సి గురించి హెచ్చరిక ఉందేమో చదవండి. అది చూడకుండా ఆ పౌడర్ మొదలుపెట్టకండి.

బయోకెమ్ మాస్టారు:
పౌడర్ కొనమని నేనూ అనలేదు. స్పూనుతో మింగింది బీటా కణం దాకా చేరుతుందని ఏ బయోకెమిస్ట్రీ మాస్టారూ చెప్పడు. నా గొడవ ఒక్కటే, తలుపు బలహీనం అని ఒప్పుకున్నాక దాని మీద పరిశోధన దండగ అనొద్దు. వెరపమిల్ అక్కణ్ణుంచే వచ్చింది.

డ్యూటీ డాక్టర్:
దండగ అనలేదు. ట్రయల్‌లో చేసుకోండి, పిల్లల గ్లాసులో వద్దన్నాను.

ఏలూరు అమ్మ:
కాగితం తీసి చదివాను. చిన్న అక్షరాల్లో నిజంగానే రాసుంది, రోజుకి 500 మిల్లీగ్రాములు దాటితే రీడింగ్ తప్పొస్తుందని. మా ఆయనకి చదివి వినిపించాను. సీల్ తియ్యలేదు కాబట్టి డబ్బా వెనక్కి ఇవ్వడానికి వెళ్లారు. వాళ్లు వాపసు తీసుకోకపోతే ఏం చెయ్యాలో కూడా చెప్పండి, బిల్లు ఉంది.