వేటకత్తి కొన్నాను: ఇంట్లో ఉంచుకోవచ్చా, ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

నల్లమల_కుర్రోడు (వుప్పర్టాల్):

అందరికీ నమస్కారం. జర్మనీ వచ్చి మూడు నెలలైంది. మొన్న ఆదివారం కత్తులకి పేరున్న సోలింగెన్ ఊళ్లో పాత సామాన్ల సంతకి వెళ్తే ఒక ముసలాయన దగ్గర కొమ్ము పిడి ఉన్న వేటకత్తి కనిపించింది. బ్లేడు మీద పూమా తల బొమ్మ, వైట్ హంటర్ అని పేరు, 6377 అని అంకె. తోలు ఒర కూడా ఉంది. 110 అడిగితే బేరమాడి 80 యూరోలకి తెచ్చుకున్నా. ఇంటికొచ్చాక చూస్తే బ్లేడు మీద మేకు మొనతో కొట్టినట్టు చిన్న గుంట ఉంది. మోసపోయానా?

ఇంకో మూడు సందేహాలు. ఇది ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్స్ కావాలా? కొండలెక్కడానికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లొచ్చా? అరచేతి వెడల్పు దాటకపోతే పర్లేదని ఆఫీసులో ఒకతను అన్నాడు. మూడోది ముఖ్యమైంది. డిసెంబర్లో ఇంటికి వెళ్తున్నా. మా నాన్న అటవీ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, అచ్చంపేటలో ఉంటారు. ఆయనకి బహుమతిగా ఇద్దామని ఉంది. పెద్దలు చెప్పగలరు.

రైన్_బాబాయ్ (డ్యూసెల్‌డార్ఫ్, 22 ఏళ్లుగా):

బాబూ, ముందు ఒకటి చెప్పు. హాఫ్ట్‌ఫ్లిష్ట్ ఇన్సూరెన్స్, అదే మన వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే పాలసీ, తీసుకున్నావా? కత్తి కొన్నావు సరే, ఆ పాలసీ లేకుండా ఈ దేశంలో మూడు నెలలు తిరిగావంటే నిన్ను ఏమనాలో తెలీడం లేదు. రేపే తీసుకో. ఏడాదికి పెద్ద ఖర్చేం కాదు.

ఇక కత్తి సంగతి. ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సూ లేదు, గిసెన్సూ లేదు. వేటకత్తి పనిముట్టు కిందికి వస్తుంది. చిక్కంతా గుమ్మం దాటాకే. అరచేతి లెక్క చెప్పినాయన ఎవరోగానీ చట్టంలో అలాంటి ముక్క ఎక్కడా లేదు. ఇక్కడి ఆయుధ చట్టం 42ఎ సెక్షన్ 2008 ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది, అప్పటినుంచీ చూస్తున్నా. మడవని కత్తి అయితే బ్లేడు 12 సెంటీమీటర్లు దాటకూడదు. మడిచే కత్తి ఒంటిచేత్తో తెరిచి, తెరిచాక బిగుసుకునే రకమైతే పొడవుతో పనే లేదు, అదీ బయటికి తేకూడదు. జరిమానా 10,000 యూరోల దాకా వెయ్యొచ్చు. నీ వైట్ హంటర్ బ్లేడు 15. అంటే తాళం వేసిన పెట్టెలోనో సంచీలోనో పెట్టి మోసుకెళ్లాలి తప్ప నడుముకి కట్టుకోకూడదు. ఇంతకీ సంతనుంచి ఇంటికెలా తెచ్చావు? గుడ్డసంచీలో వేసుకుని రైలెక్కావా? చెప్పకు, వినను.

పైగా నువ్వు కొన్నది ఏ ఊళ్లో! 2024 ఆగస్టులో ఆ ఊరి 650 ఏళ్ల పండగలోనే ఒకడు కత్తితో ముగ్గురిని చంపాడు. దాని తర్వాత అక్టోబర్ 31 నుంచి చట్టం బిగించారు. తిరునాళ్లు, సంతలు, ఆటల పోటీలు, క్రిస్మస్ మార్కెట్లు, ఎక్కడా ఏ కత్తీ కుదరదు, పొడవుతో నిమిత్తం లేదు. దూరప్రయాణం రైళ్లలోనూ అంతే. లోకల్ బండ్ల సంగతి రాష్ట్రాలు చూసుకోమన్నారు.

ఇక నా అనుభవం విను, నీకు పనికొస్తుంది. ఏడెనిమిదేళ్ల క్రితం అమెరికాలో ఒకాయన దగ్గర కొమ్ము పిడి ఉన్న పూమా మడత కత్తి కొన్నా. పార్శిల్ ఇంటికి రాలేదు, కస్టమ్స్ ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. సగం రోజు సెలవు పెట్టి వెళ్లా. ఇక్కడ పార్శిల్ వాళ్లు విప్పరు, మన చేతనే విప్పిస్తారు. అట్టపెట్టె కొయ్యడానికి బల్ల మీద కట్టర్ ఒకటి గొలుసుతో కట్టేసి ఉంది. కత్తిని బయటికి తియ్యడానికి గొలుసేసిన కత్తి! నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు, అధికారి మొహం అలా ఉంది. ఆయన నా కత్తి తీసుకుని బొత్తాం ఎక్కడుందో అని ప్రతి మేకూ నొక్కి చూశాడు. స్ప్రింగు కత్తేమోనని అనుమానం. లేదండీ, గోరుతో లాగి తెరవాలి అని చూపించా. సరే అన్నాడు. అయిపోయిందనుకున్నా. అప్పుడు బిల్లు చదివాడు. అమ్మినాయన పిడి గురించి గొప్పగా 'ఇండియన్ స్టాగ్' అని రాశాడు. ఇండియన్ అన్నమాట దగ్గర అధికారి వేలు ఆగింది. బిల్లు చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బిల్లు చూశాడు. ఇది ఏ జంతువు, రక్షిత జాతేనా, శాస్త్రీయ నామం రాసిచ్చి రమ్మన్నాడు. రెండోసారి రూసా యూనికలర్, అంటే మన సాంబర్ జింక, అని ప్రింటు తీసుకుని వెళ్తే ఆయన సెలవు, ఉన్నావిడకి ఫైలు దొరకలేదు. మూడోసారి శుక్రవారం పన్నెండుంపావుకి వెళ్లా, పన్నెండింటికే కట్టేశారు. నాలుగోసారి ఇచ్చారు. సుంకం, దాని మీద 19 శాతం పన్ను, నాలుగు పూటల సెలవు. ఆ కత్తి ఇప్పటికీ తెరిచినప్పుడల్లా ఆ శుక్రవారమే గుర్తొస్తుంది.

నీ కత్తి గురించి ఒక మాట. 80కి అసలు సిసలు వైట్ హంటర్ రాదు బాబూ. ఏదో తేడా ఉంది.

మ్యూనిక్_మామ:

బాబాయ్ గారూ, పోరడు అడిగింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి. గా గుంట గురించి ఎవలూ చెప్పకపోతిరి.

తమ్మీ, నువ్వేం మోసపోలే. ఉక్కు గట్టితనం చూసేటందుకు మిషన్‌తోని ఒత్తిన గుర్తు అది. పూమావాళ్లు ఆ గుర్తుని దాచిపెట్టరు, గర్వంగ వదిలేస్తరు. గుంట లేకుంటేనే అనుమానపడాలె. ఇంకో పని చెయ్. పిడికి, బ్లేడుకి నడుమ ఉన్న అడ్డం మీద సన్నగ అంకెలున్నయా చూడు. 1964 నుంచి తయారీ నంబరు కొడుతుండ్రి, దాన్ని బట్టి ఏ సాలుదో తెలుస్తది. అంకెలు లేకుంటే ఇంకా పాతదై ఉండొచ్చు. వైట్ హంటర్ 1950లల్ల ఆఫ్రికాల వేటాడెటోళ్ల కోసం చేసిన కత్తి. అందుకే గంత దిట్టం. జర్మన్ అడవిల రే జింకకి అది శానా ఎక్కువ.

నేను ఐదేండ్ల కింద యాగ్డ్‌షైన్, అంటే వేట లైసెన్సు, తీసుకున్న, గందుకే చెప్తున్న. రాత పరీక్ష, నోటి పరీక్ష, తుపాకి పరీక్ష, మూడు. దాన్ని ఈడ 'పచ్చ అబిటూర్' అంటరు, అంటే అడవి ఇంటర్మీడియెట్ అనుకో. నా దోస్తులల్ల ఎవ్వలూ పెద్ద కత్తి పట్టుకొని తిరగరు. బవేరియాల అసలు కత్తి నికర్. నిక్కరు కాదు, నికర్. మెడ వెనుక గుంటని గెనిక్ అంటరు, దెబ్బతిన్న జింకని ఆడ ఒక్క పోటుతోని విడిపించే సన్న కత్తి గది. తోలు నిక్కరుకి కుడి తొడ మీద దాని కోసమే జేబు కుట్టిస్తరు. అంటే నిక్కరు జేబుల నికర్. మా ఇంటామె ఇప్పటికి నవ్వుతది.

నడకకి తీసుకపోవుడు గురించి: చట్టంల మినహాయింపు ఉన్నది. వృత్తి, ఆచారం, ఆట, అందరు ఒప్పుకునే పని, వీటికైతే 12 దాటినా పట్టుకపోవచ్చు. కొండెక్కుడు ఆటనే కదా.

రైన్_బాబాయ్:

మామా, మీకు వేట లైసెన్సుంది కాబట్టి అడవిలో మీ మాట చెల్లుతుంది. రొట్టె కొయ్యడానికి ఆఫ్రికా కత్తి తెచ్చానని ఈ అబ్బాయి పోలీసుకి చెప్తే చెల్లుతుందా? ఆ మినహాయింపు నప్పుతుందో లేదో అక్కడ నిలబడ్డ పోలీసు తేల్చాలి, మీరూ నేనూ కాదు. ఎనిమిది సెంటీమీటర్ల మడత కత్తి, రెండు చేతులా తెరిచేది, ఒకటి కొనుక్కోమనండి. దానికి ఏ గొడవా లేదు.

మ్యూనిక్_మామ:

క్రిస్మస్ మార్కెట్ల గా ఎనిమిదిది కూడ కుదరదని పైన మీరే రాస్తిరి గద.

రైన్_బాబాయ్:

కొండ మీద క్రిస్మస్ మార్కెట్ ఎవడు పెట్టాడండీ.

స్టుట్‌గార్ట్_అక్క:

మీరిద్దరూ కాసేపు ఆగండి. తమ్ముడూ, మా ఆయనకీ ఇదే పిచ్చి, పదకొండు కత్తులున్నాయి. మేం కోడిగుడ్డు కూడా తినం, కానీ గోడ నిండా వేటకత్తులే. కాబట్టి నా మాట విను.

మొదటిది, కత్తిని ఒరలో పెట్టి అటక మీద పారెయ్యకు. తోలులో చెమ్మ ఉంటుంది, తోలుని ఊనేటప్పుడు వాడిన సరుకూ ఉంటుంది. ఆర్నెల్లకి తీస్తే బ్లేడు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు కనబడుతుంది. ఒర వేరుగా, కత్తి వేరుగా ఉంచు. రెండోది, చింతపండు జోలికి పోకు. మా ఇంట్లో పాత హిర్ష్‌ఫెంగర్, అంటే పొడుగు వేటకత్తి, ఒకటుంది, మూరెడు పొడవు బ్లేడు, ఇత్తడి పిడి. అడ్డానికి ఒర తగిలే చోట పచ్చగా చిలుం పట్టింది. దీపపు సెమ్మెలు తోమినట్టే చింతపండు గుజ్జు రాసి తోమేశాను. ఇత్తడి బంగారంలా వచ్చింది. పులుసు మాత్రం ఇత్తడికీ ఉక్కుకీ మధ్య సందులోకి దిగిపోయింది. మర్నాటికి బ్లేడు మొదట్లో వేలెడు మేర నల్లబడిపోయింది. వందేళ్లనాటి బ్లేడు, స్టెయిన్‌లెస్ కాదు. ఆయన రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన పుల్లకి గుడ్డ చుట్టి చిలుం గీకుతాడు, తర్వాత బాలిస్టోల్ నూనె ఒక చుక్క. ఆ వాసన అలవాటు కావడానికి నాకు ఏడాది పట్టింది. కొబ్బరినూనె రాద్దామని మాత్రం అనుకోకు, ఈ చలికి బ్లేడు మీదే గడ్డ కడుతుంది.

మూడోది, బాబాయ్ గారు తేడా ఉందన్నారని బెంగపడకు. సోలింగెన్ అన్న పేరు ఊరికే కొట్టుకోవడానికి లేదు. 1938నుంచీ దానికి చట్టం ఉంది. ముఖ్యమైన పనులన్నీ ఆ ప్రాంతంలో జరిగితేనే ఆ ముద్ర వెయ్యాలి. పూమా అయితే 1769నాటి ఇల్లు. ఇప్పుడు స్పెయిన్‌లో చేయించేవీ, ఆసియాలో చేయించేవీ ఉన్నాయి, వాటి సంగతి వేరు. అదే తేడా. నువ్వుండేది వుప్పర్టాల్ కాబట్టి సోలింగెన్‌లోని గ్రెఫ్రాట్ పక్కనే. అక్కడ కత్తుల మ్యూజియం ఉంది, ఇంకో కత్తి కొనేముందు ఒక పూట వెళ్లి చూసిరా.

నల్లమల_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. అడ్డం మీద అంకెలున్నాయి మామా! రైలు సంగతి బాబాయ్ గారు అడగొద్దన్నారు కాబట్టి చెప్పను.

ఇంకో మాట. ఆ సంతలోనే పక్క దుకాణంలో అక్క చెప్పినలాంటి పొడుగు కత్తి ఒకటి చూశా. పిడి దగ్గర జింక పుర్రె, కొమ్ముల మధ్య చిన్న స్టిక్కరు అంటించి ఉంది. స్టిక్కరు కింద ఏముందని అడిగితే ఎత్తి చూపించాడు. స్వస్తిక్. మన గుమ్మానికి పెట్టుకునేదే కదా, మంచి శకునం అనిపించింది. వచ్చే ఆదివారం వెళ్లి తెచ్చుకుందామా అనుకుంటున్నా.

మ్యూనిక్_మామ:

వద్దు తమ్మీ! గది మన స్వస్తికం కాదు. నాజీల కాలంల వేటగాళ్ల సంఘం గుర్తు గది. జింక కొమ్ముల నడుమ శిలువ ఉండుడు సెయింట్ హుబెర్టుస్ గుర్తు, వేటగాళ్ల దేవుడు ఆయన. నవంబర్ 3 ఆయన పండుగ. గా శిలువ తీసేసి గిది పెట్టిండ్రు. ఇంట్ల దాచుకుంటె నేరం కాదు గని నలుగురికి కనబడేటట్టు పెడితే శిక్షాస్మృతి 86ఎ కింద కేసైతది. గందుకే ఆయన స్టిక్కరు ఏసిండు. నువ్వు ముచ్చటపడి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టినవనుకో, 'మా దగ్గర గిది శుభం' అని పోలీసుకి జెప్పుకోవాలె. పైగా గిసొంటి వాటికి ధర ఎక్కువ, నకిలీలు ఇంకా ఎక్కువ.

రైన్_బాబాయ్:

ఈ విషయంలో మామతో ఏకీభవిస్తున్నా. తేదీ రాసి పెట్టుకోండి.

ఇండియా ప్రయాణం గురించి: చేతి సామానులో వద్దు, ఆరు సెంటీమీటర్లు దాటితే సెక్యూరిటీ దగ్గరే తీసేసుకుంటారు. చెక్-ఇన్‌లో వెయ్యాలి. అక్కడ మన ఆయుధాల చట్టం కొలత అంగుళాల్లో ఉంటుంది, తొమ్మిది అంగుళాల పొడవు గానీ రెండు అంగుళాల వెడల్పు గానీ దాటితే గొడవ. నీది ఆరు అంగుళాలు. నిక్షేపంగా తీసుకెళ్లు.

స్టుట్‌గార్ట్_అక్క:

పొడవు సరే బాబాయ్ గారూ, పిడి? మీకు కస్టమ్స్ వాళ్లు నాలుగుసార్లు నేర్పిన పాఠం అప్పుడే మర్చిపోయారా? మా ఆయన అంటూ ఉంటారు, ఈ సోలింగెన్ కత్తుల పిడుల్లో చాలావాటికి కొమ్ము వెళ్లింది మన దేశంనుంచేనట. ఇక్కడి ఎర్రజింక కొమ్ములో గుల్ల ఎక్కువ. మన సాంబర్, అదే కణుజు, దాని కొమ్ము లోపలిదాకా గట్టి, కోసి మేకు దిగ్గొట్టినా పగలదు. అడవిలో రాలిన కొమ్ములు ఏరి ఓడల్లో పంపేవాళ్లు. 1990ల చివర్లో మన ప్రభుత్వం ఎగుమతి ఆపేసింది. తమ్ముడూ, మీ నాన్నగారు అటవీ శాఖే కదా, టికెట్టూ సూట్‌కేసూ కాకముందే ఆయన్నే అడుగు.

నల్లమల_కుర్రోడు:

అడిగాను అక్కా. రాత్రి వీడియో కాల్‌లో చూపించా. బ్లేడు వైపు ఆయన చూడనేలేదు. పిడి దగ్గరికి తెమ్మన్నారు, అటు తిప్పమన్నారు, ఇటు తిప్పమన్నారు. లైటు కింద ఆ గరుకు, ఆ నల్లటి చారలు ఒక నిమిషం చూసి, 'ఇది కణుజు కొమ్మురా' అన్నారు. జర్మనీదని చెప్పా. 'కత్తి జర్మనీదే. కొమ్ము మనది' అన్నారు.

ఆయన సర్వీసులో ఇలాంటి కొమ్ములు ఎన్ని పట్టుకుని పంచనామా రాశారో లెక్కలేదట. ఎక్కడిది, కాగితమేది అని మొదట అడిగేది ఆయనే అట. 'రిటైరైనోడి ఇంట్లో కొమ్ము పిడి కత్తి ఉందని మా వాళ్లకి తెలిస్తే నవ్వుతారు, తెలియనోళ్లకి తెలిస్తే కేసు రాస్తారు. అక్కడే ఉంచు. నాకు స్వెటర్ తీసుకురా' అన్నారు. ఫోన్ పెట్టేముందు మళ్లీ ఒకసారి పిడి చూపించమన్నారు.

సరే, నా దగ్గరే ఉంచుకుందామా, వదిలించుకుందామా అని ఆలోచిస్తున్నా.

రైన్_బాబాయ్:

వదిలించుకునేటట్టయితే ఆ 80 నేనిస్తాను. తాళం ఉన్న సంచీ నేనే తెచ్చుకుంటా.

మ్యూనిక్_మామ:

ఏదో తేడా ఉందంటిరి గద బాబాయ్ గారూ? తమ్మీ, నాది 100.