అప్‌డేట్: నాన్నగారి క్యాసెట్ మళ్లీ పలికింది

పోయిన నెల ఇక్కడే అడిగాను: నాన్నగారి ప్రార్థన రికార్డు చేసిన పాత క్యాసెట్‌లో గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది, గుంటూరులో జ్ఞాపకార్థ కూడిక లోపు బాగవుతుందా అని. బాగైంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

టేప్‌రికార్డర్‌లో టేపును చదివే హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచినా, టేప్‌రికార్డర్ మార్చినా తేడా రాలేదు. కొత్తపేటలో ఒక పెద్దాయన, పాత రేడియో మెకానిక్, క్యాసెట్‌ను వెలుతురుకు ఎత్తి చూసి పట్టేశారు. టేపును హెడ్‌కు అదిమిపెట్టే చిన్న ప్యాడ్ ఊడిపోయింది, అంతే. స్క్రూలు విప్పి టేపు చుట్టలు రెండూ వేరే క్యాసెట్ డొప్పలోకి మార్చారు. పావుగంట పని. (స్క్రూలు లేకుండా అతికించిన క్యాసెట్లు విప్పడం కష్టమట.) టేపే పాడైందేమోనని పడ్డ టెన్షన్ అంతా దండగ.

60 నిమిషాల్లో ప్రార్థన 11 నిమిషాలే. మిగతాదంతా 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ పెట్టిన సంగతి మనవళ్లకు చెబుతున్నారు. మధ్యలో దగ్గు, "ఒరేయ్, ఆ ఫ్యాను తగ్గించు". కూడికలో ఆ మాట రాగానే మావాడు లేచి నిలబడ్డాడు.