త్సుమగోకి పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేస్తే ఆ ఊరు చూసినట్టేనా?

కొండదారి:
ఈ మధ్య జపాన్ వెళ్ళే మనవాళ్ళు టోక్యో, క్యోటో అయ్యాక "ఒక పల్లెటూరు కూడా చూసేద్దాం" అని ఒక రోజు పెట్టుకుంటున్నారు. ఈ ఫోరంలో పెట్టే ప్లాన్లన్నీ ఒకటే వరస. పొద్దున నగోయాలో రైలు, పదకొండుకి త్సుమగో, ఒంటిగంటకల్లా ఫొటోలు అయిపోతాయి, మూడింటికి మళ్ళీ రైలు. నా మాట సూటిగా చెప్తాను, అలా అయితే అసలు వెళ్ళకండి. ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్ళండి.

తెలియనివాళ్ళకి కాస్త చెప్తాను. త్సుమగో ఉండేది నగానో ప్రిఫెక్చర్‌లో, కిసో లోయలో. ఒకప్పుడు ఎదో (ఇప్పటి టోక్యో) నుంచి క్యోటోకి కొండల మీదుగా వెళ్ళే నకసెందో దారిలో 69 మజిలీలుండేవి, అందులో ఇది 42వది. తర్వాత రైలూ రోడ్డూ ఊరిని తప్పించుకుని పోవడంతో వ్యాపారం పడిపోయింది, కుర్రాళ్ళు బతుకుతెరువుకి పట్నాలకి పోయారు. 1960ల చివర్లో పాత ఇళ్ళు బాగుచేయడం మొదలుపెట్టి, 1971లో ఊరివాళ్ళంతా కలిసి ఒక కట్టుబాటు రాసుకున్నారు. అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. అంతే, మూడు మాటలు. 1976లో ప్రభుత్వం కూడా రక్షిత ప్రాంతంగా గుర్తించింది. ముందు వీధిలో కరెంటు తీగలు కనబడవు, పగటిపూట కార్లు రానివ్వరు.

నేను నవంబరులో ఒక మిన్షుకులో దిగాను, అంటే ఇంటివాళ్ళే నడిపే బస. నాలుగున్నర దాటాక చివరి బస్సులు వెళ్ళిపోయి దుకాణాల తలుపులు ఒక్కొక్కటీ మూసుకుంటుంటే, అప్పటిదాకా మనుషుల గోలలో వినబడని నీళ్ళ చప్పుడు వినబడింది. ఎదురింటి పెద్దావిడ గుమ్మం ముందు ఊడ్చి, చెక్క పలకల తలుపుల్ని గాడిలో ఒక్కొక్కటే జరుపుతున్నారు. ఒకటి మధ్యలో పట్టేసింది. ఆవిడ కంగారుపడలేదు, అరచేత్తో కింద ఒక్క తట్టు తట్టి కాస్త పైకెత్తి నెట్టారు, అది జారుకుంటూ వెళ్ళిపోయింది. ఎన్నేళ్ళ అలవాటో! నాకు ఆ ఊరంటే ఇప్పటికీ ఆ తలుపే. మధ్యాహ్నం చూసింది బొమ్మ, సాయంత్రం చూసింది ఊరు.

రైలుపక్షి:
అన్నా, మీరు చెప్పింది బాగుంది కానీ అందరికీ కుదరదు. మిన్షుకులో రెండు పూటల భోజనంతో తలకి పది వేల యెన్ పైనే అవుతుంది, మేం నలుగురం. పైగా మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, నేలమీద పరుపు వేసుకుని పడుకుంటే పొద్దున లేవలేరు. రాత్రుళ్ళు బాత్రూమ్‌కి వసారా దాటి వెళ్ళాలంటే నాకు టెన్షన్. ఆయన జీవితంలో జపాన్ వెళ్ళేది ఒక్కసారి. మూడు గంటలైనా ఆ వీధిలో నడిచి ఆ ఇళ్ళు చూసి సంతోషపడ్డారు, పొయ్యి గది చూస్తే వాళ్ళ అమ్మమ్మగారి ఇల్లు గుర్తొచ్చిందన్నారు. అది చూడడం కాదని నేను ఒప్పుకోను.

పప్పన్నం:
రాత్రి బస అనగానే నాకు మొదట వచ్చే దిగులు తిండి. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. పట్నాల్లో ఎలాగో నెట్టుకొచ్చాం కానీ కిసో లోయలో ఏ పులుసు చూసినా దాషీయే, అంటే ఎండబెట్టిన చేప తురుము కాచిన నీళ్ళు. మిసో సూపులో అదే, సోబా నూడుల్స్ ముంచుకునే రసంలో అదే, కూర ఉడికించిన నీళ్ళలోనూ అదే. "చేప లేదు" అంటారు, వాళ్ళ లెక్కలో ముక్క లేకపోతే చేప లేనట్టే. వాళ్ళు మోసం చేయడం లేదు, అది వాళ్ళకి మన తాలింపు లాంటిది, ఉందన్న ధ్యాసే ఉండదు. ఆరు గంటలకి మేం దిగిన బసలో పెద్దావిడ అంత శ్రద్ధగా పదిహేను గిన్నెల్లో సర్ది తెచ్చిపెడితే అందులో పది పక్కకి నెట్టేయడం నాకు చాలా బాధగా అనిపించింది. అలాంటప్పుడు పగలు వెళ్ళి వచ్చేయడమే వాళ్ళకీ మనకీ మర్యాద కాదా?

నగోయావాసి:
నేను నగోయాలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్నాను, త్సుమగోకి ఏడాదికి రెండుసార్లయినా వెళ్తాను. కొండదారి గారూ, మీ ప్రేమ అర్థమైంది, లెక్క మాత్రం కుదరడం లేదండీ. ఊళ్ళో ఉన్న పడకలెన్ని? కట్టుబాటు ప్రకారం బయటివాడికి అద్దెకివ్వరు కాబట్టి కొత్త హోటళ్ళు పుట్టుకురావు, ఉన్న మిన్షుకులు నడిపేవాళ్ళు పెద్దవాళ్ళయిపోతున్నారు. 2024లో జపాన్‌కి వచ్చిన విదేశీయులు మూడున్నర కోట్ల పైమాటే. "ఉంటేనే రండి" అని అందరికీ చెప్తే గదులకి పోటీ పెరిగి, డబ్బున్నవాడికే ఊరు దక్కుతుంది.

ఇంకో సంగతి. ఆ వీధిలో గొహెయిమోచి కాల్చి అమ్మేవాళ్ళు (అన్నం మెదిపి పుల్లకి గుచ్చి, అక్రోటు నువ్వుల ముద్ద రాసి నిప్పుల మీద కాలుస్తారు), హినోకి చెక్కతో అల్లిన టోపీలు అమ్మేవాళ్ళు, వీళ్ళకి సంసారం గడిచేది పగలు వచ్చేవాళ్ళతోనే. సాయంత్రం ఆ తలుపులు మూసేది వాళ్ళ కోసం. అది వాళ్ళ ఖాళీ సమయం, మనం చూడాల్సిన ప్రదర్శన కాదు.

మగ్గంగుంట:
మాది భూదాన్ పోచంపల్లి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో మా ఊరు ఉంది, క్యోటో పక్క మియామా అనే గడ్డి ఇళ్ళ పల్లె కూడా అదే జాబితాలో ఉంది. అందుకే ఈ చర్చ నాకు పరాయిది కాదు. మా మేనమామ ఇంట్లో మగ్గం ఉంది. ఆదివారం వచ్చేవాళ్ళు గడప దాటి లోపలికి వచ్చేస్తారు, ఆయన గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తుంటే తల మీద నుంచి ఫోను పెట్టి వీడియో తీస్తారు, "ఒకసారి ఆగండి, ఇటు చూడండి" అంటారు. ఆగితే పోగు తప్పుతుంది. రాత్రి ఉన్నారా పగలు ఉన్నారా అని మా మామయ్య ఎప్పుడూ అడగలేదు. "రావచ్చా" అని అడిగి వచ్చినవాళ్ళు మాత్రం ఆయనకి పేరు పేరునా గుర్తు. జపాన్ పల్లెలో భాష రాదని చాలామంది ఆ అడగడమే మానేస్తారు. వేలు చూపించి, తల వంచి అడిగినా సరిపోతుంది.

నీలిగొడుగు:
ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి. ఫుజి కొండ దగ్గర ఫుజికవగుచికోలో ఒక దుకాణం వెనక కొండ కనబడే చోట జనం రోడ్డుకి అడ్డం పడుతున్నారని 2024 మేలో 2.5 మీటర్ల ఎత్తు నల్ల తెర కట్టారు, ఆగస్టులో తీసేశారు. గిన్జాన్ ఆన్‌సెన్ అనే వేడినీటి బుగ్గల ఊళ్ళో 2024-25 చలికాలం పగటివాళ్ళ మీద పరిమితి పెట్టారు, రాత్రి బస ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేకపోయింది. అంటే కొన్ని ఊళ్ళు కొండదారి గారి మాటే అమలు చేస్తున్నట్టుంది కదా?

నగోయావాసి:
గిన్జాన్‌ది ఇరుకు లోయ, మంచు, కార్ల రద్దీ. అక్కడి సమస్య అది. త్సుమగోకి అదే మందు వేయలేం. నేను చూసినంతలో ఊరివాళ్ళకి కష్టం పగటివాళ్ళ వల్ల కాదు, తొందరలో ఉన్నవాళ్ళ వల్ల. బస్సు తప్పిపోతుందన్న హడావిడిలో ఇళ్ళ పెరట్లోంచి అడ్డదారి పడతారు, చెత్తబుట్ట కనబడక సీసా గోడ మీద పెట్టి పోతారు.

కొండదారి:
అందరిదీ చదివాను. మగ్గంగుంట గారి మాట రెండుసార్లు చదివాను.

రైలుపక్షీ, మీ నాన్నగారి విషయంలో నాదే తప్పు, అలాంటి పెద్దవాళ్ళు మూడు గంటలు ఉన్నా ఉన్నట్టే. నేను అన్నది కాళ్ళల్లో సత్తువ, చేతిలో వారం రోజుల సెలవు ఉండి కూడా ఆ ఊరిని జాబితాలో ఒక గీతగా కొట్టేసేవాళ్ళని. పడకల లెక్క నగోయావాసి గారు చెప్పింది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ ఒకటి ఒప్పుకోను. ఆ తలుపు మూసే వేళ నేను బసలో ఉన్న అతిథిని, ఆవిడే నన్ను చూసి పలకరింపుగా తల వంచారు. ప్రదర్శన చూసినట్టు చూడలేదు, ఫోను తీయలేదు. అలా ఉండగలిగేవాళ్ళకి ఆ రాత్రి దక్కాలని ఇప్పటికీ అంటాను.

గది దొరకకపోతే నడవండి. పక్క మజిలీ ఊరు మగోమె నుంచి త్సుమగోకి దాదాపు 8 కిలోమీటర్ల పాత దారి, 800 మీటర్ల ఎత్తులో ఒక కనుమ దాటాలి, ఆగుతూ వెళ్తే మూడు గంటలు. బ్యాగులు ఈ ఊరినుంచి ఆ ఊరికి చేరవేసే ఏర్పాటు ఉంది. దారిలో ఎలుగుబంట్లకి వినబడేలా గంటలు కట్టి ఉంటాయి, దాటిన ప్రతిసారీ గట్టిగా మోగించండి. మధ్యలో పాత టీ ఇంట్లో ఊరికే టీ ఇస్తారు. నేను వెళ్ళిన రోజు అక్కడ ఉన్న పెద్దాయన "ఎక్కడినుంచి" అని అడిగి, ఇండియా అనగానే కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టారు. డబ్బుల పెట్టెలో ఏదైనా వేసి రండి.

పప్పన్నం గారూ, బుక్ చేసేటప్పుడే, కనీసం వారం ముందు, "చేప దాషీ కూడా వద్దు, అన్నం, టోఫు, ఊరగాయ, ఉప్పుతో కూరగాయల టెంపురా (మన బజ్జీల్లాంటివి) చాలు" అని జపనీస్‌లో రాసి పంపండి. కుదరదు అనుకుంటే వాళ్ళే ముందుగా చెప్తారు, అప్పుడు భోజనం లేకుండా గది ఒక్కటే ఇస్తారేమో అడగండి. ఆ వాక్యాలు జపనీస్‌లో రాయించి ఇక్కడ పెట్టగలరా, నగోయావాసి గారూ?

నగోయావాసి:
రేపు పొద్దున్నే పెడతాను. ఆవకాయ తెచ్చుకునేవాళ్ళకి ఒక్క మాట, గదుల మధ్య ఉండేది కాగితపు తలుపులే, సీసా మూత బయట తీయండి.