అప్‌డేట్: టోలుయీన్ దగ్గర ఎల్‌ఈఎల్ మీటర్ 0 చూపితే సరిపోదు

ఎల్‌ఈఎల్ మీటర్ (గాలిలోని ఆవిరి అంటుకునే కనీస మోతాదుకు ఎంత దగ్గరగా ఉందో శాతంలో చూపేది) 0 చూపుతుంటే టోలుయీన్ (పెయింట్లలో వాడే ద్రావకం) వాడేచోట మాస్కు అవసరమా అని అడిగాను. తేలిందేమంటే, ఆ మీటరు మంటల కోసం, ఊపిరి కోసం కాదు. టోలుయీన్ ఆవిరి అంటుకోవడానికి గాలిలో కనీసం 1.1 శాతం, అంటే 11,000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 11,000 భాగాలు) ఉండాలి. మీటరు ఆ కనీస మోతాదులో 1 శాతం చూపేసరికే 110 పీపీఎం పీలుస్తున్నట్టు. ఏసీజీఐహెచ్ (పనిచోట ఆరోగ్య పరిమితులు సూచించే అమెరికా సంస్థ) 8 గంటల సగటు పరిమితి 20 పీపీఎం మాత్రమే! మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసిన (ఆ వాయువుకు సరిపోయేలా సెట్ చేసిన) మీటరైతే టోలుయీన్‌ను అసలుకన్నా తక్కువే చూపుతుంది, అదే మరీ భయం.

ఇప్పుడు 10.6 ఈవీ (కాంతి శక్తి కొలత) దీపమున్న పీఐడీ, అంటే అతినీలలోహిత కాంతితో ఆవిరిని పీపీఎంలలో కొలిచే మీటరు వాడుతున్నాం. ఐసోబ్యుటిలీన్ వాయువుతో క్యాలిబ్రేట్ చేస్తే టోలుయీన్‌కు రీడింగును 0.5తో గుణించాలి: 40 చూపితే అసలు 20. షిఫ్టు సగటు కొలవడానికి కాలరు దగ్గర ఆవిరిని పట్టుకునే బొగ్గు ట్యూబు, దానిలోంచి గాలి లాగే పంపు నిమిషానికి 0.05 లీటర్లు. 160 నిమిషాలకోసారి ట్యూబు మార్చాలి. లాగిన గాలి 8 లీటర్లు దాటితే ఆవిరి నిలవక జారిపోయి లెక్క తగ్గిపోవచ్చు.