వియత్నాం సోలో ట్రిప్, 70 వేల బడ్జెట్: వీసా, ఖర్చులు, డేటింగ్ సందేహాలు

ప్రశ్న (వరంగల్ నుంచి)

అన్నలూ, డిసెంబరులో హైదరాబాద్ నుంచి పది రోజులు వియత్నాం అనుకుంటున్నా. సైగాన్ (హో చి మిన్ సిటీ), డనాంగ్, హనోయ్ మూడూ చూడాలని ప్లాన్. ఒక్కడినే, పెళ్లి కాలేదు. టికెట్లతో కలిపి 70 వేలు దాటకూడదు. టిండర్‌లో పరిచయమైన వాళ్లని కలవాలని కూడా ఉంది, అదే ప్రధానం కాదు గానీ... పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మిగతా కార్డుల్లో ఇనీషియలే. వీసాకి ఇబ్బందా? డబ్బు ఎలా తీసుకెళ్లాలి? మోసాలంటున్నారు, నిజమేనా?

జవాబు 1: వీసా గురించి

ఇంటిపేరు సంగతి తేలికే. వీసా ఫారంలోనూ విమానం టికెట్‌లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. ఆధార్, పాన్ పక్కన పెట్టెయ్ తమ్ముడూ. ఫోటో పేజీ అడుగున బాణం గుర్తులతో రెండు వరుసలుంటాయి చూడు, ఇమిగ్రేషన్ మెషీన్ చదివేది వాటినే. అక్షరం తేడా వస్తే హైదరాబాద్ కౌంటర్లోనే ఆపేస్తారు.

ఈ-వీసా ప్రభుత్వ సైటులోనే తీసుకో. చిరునామా చివర 'డాట్ జీవోవీ డాట్ వీఎన్' ఉండాలి. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటనల సైట్లు చూడ్డానికి అలాగే ఉండి రెండు మూడింతలు గుంజుతాయి. సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, మల్టిపుల్‌కి 50. 2023 ఆగస్టు నుంచి 90 రోజుల వరకు ఇస్తున్నారు. తిరస్కరించినా ఫీజు వెనక్కి రాదు. మూడు పనిదినాలంటారు గానీ శని, ఆదివారాలు, వాళ్ల సెలవులు అందులో లెక్కకు రావు. రెండు వారాల ముందే వేసెయ్. దిగే ఎయిర్‌పోర్టు ఏదో ఫారంలో ఎంచుకోవాలి. సైగాన్ అని పెట్టి చౌక టికెట్ దొరికిందని హనోయ్‌లో దిగితే చిక్కే. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు మిగిలుండాలి.

జవాబు 2: ప్లాన్, ఖర్చు

పది రోజుల్లో మూడు ఊళ్లు తిరగొచ్చు. మూడు ఊళ్లూ డేటింగూ అంటే మాత్రం కుదరదు. అక్కడి అమ్మాయిలవీ మనలాంటి ఉద్యోగాలే. సాయంత్రం ఏడు దాటాక గానీ, శని ఆదివారాల్లో గానీ ఖాళీ దొరుకుతుంది. ఒకసారి కాఫీ తాగి, రెండు రోజులాగి మళ్లీ కలవాలంటే ఆ ఊళ్లో నువ్వుండాలి కదా. నా ఓటు సైగాన్‌లో ఏడు రోజులు, హనోయ్‌లో మూడు. డనాంగ్‌లో డిసెంబరుకి వానలు పూర్తిగా వదలవు, ఈసారికి వదిలెయ్. హనోయ్‌లో చలి ఉంటుంది, ఒక స్వెట్టర్ పెట్టుకో. సైగాన్‌లో అప్పుడు వానలు తగ్గి హాయిగా ఉంటుంది.

లెక్కకి: అక్కడి కరెన్సీ డాంగ్‌లో మూడు సున్నాలు కొట్టేసి 3.4తో గుణిస్తే ఇంచుమించు రూపాయలు. లక్ష డాంగ్ అంటే 340 రూపాయలన్నమాట.

టికెట్ రానుపోను 25 వేలు, కాస్త అటూ ఇటూ. వీసా 2,200. సొంత గది రోజుకి 4 లక్షల డాంగ్ చొప్పున పది రోజులకి 13,600. తిండి రోజుకి 2 లక్షలు, అంటే 6,800. గ్రాబ్ (మన ర్యాపిడోలాంటి యాప్) బైకులకి 3,500 చాలు, మూడు నాలుగు కిలోమీటర్లకి 20, 30 వేల డాంగ్ అవుతుంది. సైగాన్ నుంచి హనోయ్ విమానానికి 5 వేలు పక్కన పెట్టు. సిమ్, ఇన్సూరెన్స్ కలిపి 2 వేలు. ఇక్కడికి 58 వేలైంది. మిగిలిన 12 వేలలో 6 వేలు ముట్టుకోవద్దు, ఆపదకి ఉంచు. మిగతా 6 వేలు డేట్లకి. ఇద్దరికి కాఫీ లక్ష, లక్షన్నర డాంగ్. మామూలు రెస్టారెంట్‌లో భోజనం 3 నుంచి 5 లక్షలు. నాలుగు కాఫీలు, రెండు భోజనాలు దర్జాగా వస్తాయి.

చౌక విమానాల్లో చేతి బ్యాగు 7 కిలోలే. గేటు దగ్గర తూకం వేసి ఎక్కువైతే వసూలు చేస్తారు.

జవాబు 3: డబ్బు

నోట్ల దగ్గర జాగ్రత్త. 20 వేలదీ నీలమే, 5 లక్షలదీ నీలమే. రాత్రిపూట బండి లైటు వెలుగులో తీసి ఇస్తే 68 రూపాయలకి బదులు 1,700 పోతాయి. 5 లక్షల నోట్లు వేరే జేబులో పెట్టుకో.

ఏటీఎంలో ఒకసారికి సాధారణంగా 20 నుంచి 50 లక్షల డాంగ్‌లోపే వస్తుంది, ప్రతిసారీ చార్జీ పడుతుంది. చిన్న చిన్నగా తీయకు. 'మీ కరెన్సీలోకి మార్చి తీసుకోమంటారా' అని తెరమీద వస్తే వద్దనే నొక్కు, ఆ రేటు ఎప్పుడూ నష్టమే. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు తీసుకెళ్లు, ఒకటి గదిలో ఉంచు. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో విదేశీ వాడకం ఆన్ చేసి రోజువారీ పరిమితి తక్కువగా పెట్టుకో. బయటి దేశాల్లో మన కార్డు గీకితే చాలాసార్లు ఓటీపీ అడగదు. పరిమితి పెట్టేది అందుకే.

గ్రాబ్ యాప్ ఇక్కడే, మన నంబరుతోనే రిజిస్టర్ చేసుకో. ఎయిర్‌పోర్టు బయట పచ్చ జాకెట్ వేసుకుని 'గ్రాబ్, గ్రాబ్' అని పిలిచేవాళ్లని నమ్మకు. యాప్‌లో ఉన్న నంబరు ప్లేటు సరిపోతేనే ఎక్కు.

మళ్లీ అడిగినవారు

థాంక్స్ అన్నలూ. బైకు అద్దెకి తీసుకుంటే? యాప్‌లో కలిసినవాళ్లు మంచోళ్లో కాదో ఎలా తెలుస్తుంది? హోటల్‌కి రానిస్తారా?

జవాబు 4

బైకు వద్దు. మన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 ఒప్పందం కిందిది, వియత్నాం 1968 ఒప్పందం పర్మిట్‌నే ఒప్పుకుంటుంది. అద్దె షాపువాళ్లు అడగకుండా తాళాలిచ్చేస్తారు. కాలు విరిగాక ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం లైసెన్సు అడుగుతుంది.

హోటల్‌లో నీ పాస్‌పోర్టు వివరాలు పోలీసు రిజిస్ట్రేషన్‌కి ఇవ్వాలి. గదికి ఎవరైనా వస్తే వాళ్ల గుర్తింపు కార్డు కూడా రిసెప్షన్‌లో అడుగుతారు. దాంట్లో దాచేదేం లేదు, ఇద్దరికీ అదే మంచిది. కొన్ని హోటళ్లు అదనంగా డబ్బు అడుగుతాయి, కొన్ని ఒప్పుకోవు. బుకింగ్‌కి ముందే మెసేజ్ పెట్టి కనుక్కో. 18 నిండలేదన్న అనుమానం ఏమాత్రం ఉన్నా అక్కడితో ఆపెయ్. డబ్బిచ్చే వ్యవహారాలు అక్కడ చట్టవిరుద్ధం. సైగాన్‌లో బార్లుండే బూయ్ వియెన్ వీధిలో 'మసాజ్' అని చెయ్యి పట్టుకు లాగేవాళ్ల వెంట వెళితే ఫోనూ పర్సూ రెండూ పోతాయి.

జవాబు 5: యాప్ సంగతి

ఊరికి చేరే నాలుగు రోజుల ముందు మొదలుపెట్టు. నెల ముందు కబుర్లు అక్కడికి వెళ్లేసరికి చల్లారిపోతాయి. ప్రొఫైల్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉంటావో రాసెయ్. టూరిస్టు అని దాచి పెళ్లి కబుర్లు చెప్పడం మోసం, అది మాత్రం చెయ్యకు. తర్వాత మాటలు 'జాలో' (Zalo) అనే చాట్ యాప్‌లోకి మారతాయి, వాళ్ల వాట్సాప్ అదే అనుకో. వయసు, జీతం, ఇంట్లో ఎంతమంది అని మొదట్లోనే అడుగుతారు. మన పెళ్లిచూపుల ప్రశ్నలే, కంగారుపడకు. ఇంగ్లీషు రాకపోతే ట్రాన్స్‌లేట్‌లో పొట్టి వాక్యాలు రాయి. జోకులు మాత్రం అందులో బతకవు.

మొదటి కలయిక జనముండే కాఫీ షాపులో, గంటసేపు, పగలో సాయంత్రమో. చోటు నువ్వు చెప్పు, లేదా ఆమె చెప్పినది మ్యాప్‌లో ఫోటోలతో సహా చూసుకో. ఆమె పట్టుబట్టి ధరల్లేని మెనూ ఉన్న బారుకే తీసుకెళ్తోందంటే అర్థం చేసుకో. పళ్ల ప్లేటుకి, రెండు గ్లాసులకి లక్షల్లో బిల్లు వేసి, తలుపు దగ్గర ఇద్దరు నిలబడతారు. 2024లో హైదరాబాద్ హైటెక్ సిటీ పబ్బులో బయటపడ్డదీ ఇదే పద్ధతి. ఆర్డర్ చేసిన ప్రతిసారీ అప్పటికప్పుడు నగదు ఇచ్చేస్తే ఈ ఆట సాగదు. ఇరుక్కుంటే కార్డు చేతికివ్వకు, ఐటమ్‌వారీ బిల్లు అడుగు, 113కి ఫోన్ చెయ్. అది అక్కడి పోలీసు నంబరు.

కలవకముందే 'టాక్సీకి పంపు' అన్నా, అమ్మకి ఆసుపత్రి అన్నా, క్రిప్టోలో లాభం చూపించినా బ్లాక్ చెయ్. బట్టల్లేని వీడియో కాల్ అడిగితే రికార్డు చేసి బెదిరించడానికే. ఒక్క రూపాయీ పంపకు, ఇండియా వచ్చాక అయినా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పు.

ఆమె వద్దంటే వద్దనే. రెండోసారి మెసేజ్‌కి జవాబు రాకపోయినా అంతే.

జవాబు 1 (మళ్లీ)

ఒకటి మర్చిపోయారు. వేప్ (ఈ-సిగరెట్) తీసుకెళ్లకు, 2025 జనవరి 1 నుంచి అక్కడ నిషేధం. బార్ల దగ్గర మత్తుకోసం పీల్చడానికి అమ్మే గ్యాస్ బెలూన్లు కూడా ఆ నిషేధంలోవే, పక్కవాళ్లు పీలుస్తున్నారని చెయ్యి చాపకు. రోడ్డు అంచున నిలబడి ఫోన్ చూడకు, బైకు మీద వచ్చి లాక్కుపోతారు. పాస్‌పోర్టు పోతే భారత కాన్సులేట్ సైగాన్‌లోనే ఉంది, హనోయ్‌లో అయితే ఎంబసీ. పాస్‌పోర్టు కాపీ, వీసా ప్రింటు ఈమెయిల్లో పెట్టుకో. వీసా తేదీలు వచ్చాక ఇక్కడ పెట్టు, హోటల్ ఏ వైపు తీసుకోవాలో చెబుతాం.