ప్రతి పిల్లనీ నమ్మాలంటారు, ఒక బాబు విషయంలో నాకు ఆ నమ్మకం రావట్లేదు

రెండో తరగతి టీచర్:

నమస్కారం అండీ. నేను రెండో తరగతికి చెప్తాను, టీచర్‌గా ఇది నా రెండో ఏడు. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు మీరు ఎలాంటి టీచర్ అవుతారో ఒక పేజీ రాయమన్నారు. మొదటి వాక్యమే 'నా క్లాసులో ప్రతి ఒక్కరూ నేర్చుకోగలరని నమ్ముతాను' అని రాశాను, మనస్ఫూర్తిగానే రాశాను. ఇప్పుడు అది గుర్తొస్తే మనసులో ఏదో గుచ్చుకున్నట్టు ఉంటోంది.

క్లాసులో ఒక బాబు ఉన్నాడు, ఏడేళ్లవాడు. అప్పు తెచ్చుకుని చేసే తీసివేతలు నాలుగు వారాలుగా చెప్తున్నాను, 42లోంచి 17 తీసెయ్యమంటే ఎప్పుడడిగినా 35 అనే రాస్తాడు. చదవమంటే మొదటి అక్షరం చూసి మిగతా పదం ఊహించి చెప్పేస్తాడు. అల్లరి చెయ్యడు, ఏడవడు, ఊరికే కూర్చుంటాడు. నిన్న ఎప్పుడూ లేనిది చెయ్యెత్తాడు. నేను చూశాను, చూసి కూడా పక్కనున్న పాపని అడిగాను, ఎందుకంటే వాడు తప్పు చెప్తాడు, అందరూ నవ్వుతారు, ఆ తర్వాత క్లాసుని మళ్ళీ దారిలో పెట్టడానికి ఐదు నిమిషాలు పోతుంది అని ఆ ఒక్క క్షణంలో లెక్క వేసేసుకున్నాను. వాడు చెయ్యి దించిన తీరు రాత్రంతా కళ్ళ ముందే ఉంది.

నిజం చెప్పాలంటే వాడికి వస్తుందని నాకు అనిపించట్లేదు. లోపల నమ్మకం లేకుండా పైకి ఉన్నట్టు ఉంటే పిల్లలకి తెలిసిపోదా? లేని నమ్మకం ఎలా తెచ్చుకోవాలి?

పాత నల్లబల్ల:

టీచరమ్మా, 31 ఏళ్ళు ఒకటి నుంచి మూడో తరగతి వరకూ చెప్పి రిటైర్ అయ్యాను. మీ పోస్టులో నన్ను ఆపేసింది ఆ 35.

ఒక్కసారి ఆ లెక్క వాడిలా చేసి చూడండి. ఒకట్ల స్థానంలో పైన 2, కింద 7. రెండులోంచి ఏడు పోదు, అందుకని ఏడులోంచి రెండు తీశాడు, 5. పదుల్లో నాలుగులోంచి ఒకటి, 3. వాడు నోటికొచ్చిన అంకె రాయట్లేదు, ఎప్పుడడిగినా అదే జవాబు వస్తోందంటే వాడి దగ్గర ఒక సూత్రం ఉంది, దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. ఆ సూత్రం ఎక్కడిదంటారు? 'పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి' అని ఒకటో తరగతిలో మనమే చెప్తాం. మనం చెప్పిందాన్ని అంత గట్టిగా పట్టుకున్న పిల్లాడు నేర్చుకోలేనివాడు ఎలా అవుతాడు?

రేపు పక్కన కూర్చోబెట్టుకుని 'తప్పు' అనకుండా 'ఇది ఎలా చేశావో నాకు చెప్పు నాన్నా' అని అడగండి. అడిగి ఊరుకోండి, వాడు చెప్పేదాకా. తర్వాత పుల్లలు ఇవ్వండి, పదేసి కట్టినవి నాలుగు కట్టలు, విడివి రెండు. అందులోంచి పదిహేడు నాకు ఇవ్వమనండి. ఒక కట్ట ఇచ్చేస్తాడు, ఇంకా ఏడు కావాలి, చేతిలో రెండే విడివి ఉన్నాయి. అప్పుడు మీరు ఏమీ అనకండి, చెయ్యి కూడా కదపకండి. రబ్బరు బ్యాండు వాడే విప్పుతాడు. ఎప్పుడు విప్పుతాడో నేను చెప్పలేను కానీ విప్పుతాడు, విప్పని పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు. బోర్డు మీద 'అప్పు' అన్న మాటకి అర్థం ఆ రబ్బరు బ్యాండులో ఉంది.

నమ్మకం గురించి అడిగారు. నాకైతే అది పిల్లాడి పక్కన కూర్చుని వాడి తప్పు ఎక్కడ పుట్టిందో చూసినప్పుడల్లా వచ్చింది, స్టాఫ్ రూమ్‌లో కూర్చుని తెచ్చుకుందామంటే ఒక్కసారి కూడా రాలేదు. ఇంకో పని చెయ్యండి, ఒక వారం పాటు పిల్లల పేర్లున్న కాగితం దగ్గర పెట్టుకుని ఎవర్ని అడిగితే వాళ్ళ పేరు పక్కన ఒక గీత గీయండి. టీచర్‌గా నా పదకొండో ఏట మొదటిసారి అలా చేశాను, ఆ కాగితం చూసి చాలా సిగ్గుపడ్డాను.

చదువు మీద చదువు:

పాత నల్లబల్ల గారు చెప్పినదానికి పరిశోధనల వైపు నుంచి కొంచెం కలుపుతాను.

టీచర్ నమ్మకం గురించి ఎవరు మాట్లాడినా రోజెంతాల్, జాకబ్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకుల ప్రయోగం చెప్తారు, కాలిఫోర్నియాలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చేసి 1968లో ప్రచురించారు. పిల్లలకి ఒక పరీక్ష పెట్టి, అందులో దాదాపు ఐదింట ఒక వంతు మంది ఈ ఏడాది బాగా పుంజుకుంటారని తేలిందని టీచర్లకి చెప్పారు. నిజానికి ఆ పేర్లు లాటరీలా తీసినవి. ఏడాది తర్వాత చూస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లల స్కోర్లు మిగతావాళ్ళ కంటే ఎక్కువ పెరిగాయి, పై తరగతుల్లో అంత తేడా లేదు. కొలిచిన పద్ధతి మీద చాలా విమర్శలు వచ్చాయి, తర్వాత ఇలాంటి ప్రయోగాలే చేసినవాళ్ళకి ప్రభావం ఉందని తేలినా అంత పెద్దగా లేదు. అందుకని 'టీచర్ నమ్మితే చాలు, పిల్లాడు ఎగిరిపోతాడు' అని దీన్ని చూపించి చెప్పేవాళ్ళ మాట పూర్తిగా తీసుకోకండి.

మీకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. 1984లో రాడెన్‌బుష్ అనే ఆయన ఇలాంటి 18 ప్రయోగాల్ని కలిపి చూశారు. టీచర్‌కి ఆ పిల్లలతో రెండు వారాలకి మించి పరిచయం ఉంటే బయటినుంచి వచ్చి 'ఈ పిల్ల తెలివైనది' అని చెప్పినా పెద్దగా పని చెయ్యలేదు. అంటే అప్పటికే టీచర్ మనసులో ఒక అభిప్రాయం కుదిరిపోయి ఉంటుంది. మీరు వాడిని నెలల తరబడి చూస్తున్నారు, కాబట్టి 'నమ్మండి నమ్మండి' అని మేం ఎంత చెప్పినా మీలో మారేది తక్కువ, వాడి గురించి మీకు తెలియని కొత్త సంగతి ఒకటి మీ కంటికి కనబడాలి. ఆ పుల్లల పని అందుకే చెయ్యమంటున్నారు.

నటిస్తే తెలిసిపోదా అన్నారు కదా. పిల్లలకి మన మనసు కనబడదు, మన చేతలు కనబడతాయి. ఆశ పెట్టుకున్న పిల్లలతో టీచర్ తెలియకుండానే ఎక్కువ ఆప్యాయంగా ఉంటారు, కొంచెం కష్టమైనవి కూడా నేర్పుతారు, జవాబు చెప్పే అవకాశం ఎక్కువ ఇస్తారు, తప్పు చేస్తే ఎక్కడ తప్పో వివరంగా చెప్తారు. రోజెంతాల్ చెప్పినవి ఈ నాలుగే. నాలుగూ చేతలే, ఇవాళే మొదలుపెట్టొచ్చు.

అన్నిటికంటే తేలికైంది ఆగడం. మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్స్ క్లాసుల్ని రికార్డు చేసి వింటే, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారు, అంతే. దాన్ని మూడు సెకన్లకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, ఆ పిల్లల మీద టీచర్ల అంచనాలు కూడా మారాయి. ముందు ఆగారు, నమ్మకం ఆ తర్వాత వచ్చింది.

వినికిడి చూపు:

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లలతో పని చేస్తాను. ఒక్క మాట, దయచేసి వాయిదా వెయ్యకండి. మొదటి అక్షరం చూసి ఊహించే పిల్లాడికి కళ్ళు పరీక్ష చేయించారా? చెవులు? బోర్డు మసగ్గా కనబడుతోందని ఏడేళ్ళ పిల్లాడు చెప్పడు, అందరికీ అలాగే కనబడుతుందనుకుంటాడు. అవి బాగుంటే చదవడంలో డిస్లెక్సియా లాంటి ఇబ్బంది ఉందేమో నిపుణులకి చూపించాలి. ఊహించి చదివినంత మాత్రాన అది ఉన్నట్టు కాదు, చాలామంది పిల్లలు కొన్నాళ్ళు అలా చదువుతారు, కానీ చూపించడంలో ఆలస్యం వద్దు. 'నాకు వాడి మీద నమ్మకం ఉంది, వాడే దారిలో పడతాడు' అని రెండేళ్ళు ఆగిన మంచి టీచర్లని చూశాను. ఆ రెండేళ్ళలో పిల్లాడు తను మొద్దు అని నిర్ణయానికి వచ్చేస్తాడు, ఆ తర్వాత మా పని రెట్టింపు అవుతుంది.

చివరి బెంచీ:

నేను టీచర్‌ని కాదు, ఆ బాబుని. అంటే నలభై ఏళ్ళ కిందట.

రెండో తరగతిలో మా టీచర్ చాలా మంచావిడ. ఒక్కసారి కూడా తిట్టలేదు. నేను ఒకసారి చదవలేక ఏడిస్తే, ఆ రోజు నుంచి నన్ను అడగడం మానేశారు. బాధపెట్టకూడదనే మానేశారని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం వరసలో నా వంతు దాటి పక్కవాడి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా హమ్మయ్య అనిపించేది, ఆ వెంటనే కడుపులో ఏదో పడిపోయినట్టు ఉండేది. నాకు రాదని ఆవిడకి కూడా తెలిసిపోయింది అనుకునేవాణ్ణి.

మూడో తరగతిలో వేరే మాస్టారు. కొంచెం గట్టిగానే ఉండేవారు. ఒక రోజు బెల్లు కొట్టాక నన్ను పిలిచి, 'రేపు ఈ నాలుగు లైన్లు నీచేతే చదివిస్తాను, ఇంట్లో చూసుకుని రా' అన్నారు. ఎవరికీ చెప్పలేదు. రాత్రి మా అక్క దగ్గర పదిసార్లు చదివాను. మర్నాడు చదివాను, తడబడ్డాను, ఆయన ఆగారు, చదివాను. ఆయన పొగడలేదు. 'కూర్చో. ఎల్లుండి తర్వాతి నాలుగు' అన్నారు. ఆ 'తర్వాతి నాలుగు' అన్న మాట ఇప్పుడు రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తోంది.

ఆ బాబు చెయ్యెత్తాడన్నారు కదండీ. మళ్ళీ ఎత్తడానికి చాలా రోజులు పడుతుంది. మీరే అడగండి, ముందు రోజు చెప్పి అడగండి.

రెండో తరగతి టీచర్:

పన్నెండు రోజులైంది, అందరికీ సమాధానం ఇవ్వడం ఆలస్యమైంది.

ఎలా చేశావని అడిగాను. 'పెద్దదాంట్లోంచే కదా టీచర్ చిన్నది తియ్యాలి' అన్నాడు, నాకే తెలియదా అన్నట్టు చూస్తూ. పుల్లలిచ్చాను. రెండు విడి పుల్లలు చేతిలో పట్టుకుని కట్టల వైపు చూస్తూ ఎంతసేపు కూర్చున్నాడో, నాకు చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. విప్పాడు. విప్పి నా వైపు చూశాడు, విప్పొచ్చా అన్నట్టు. ఇంకా కుదరలేదు, నిన్న 61లోంచి 34కి మళ్ళీ 33 రాశాడు, కానీ నేను ఏదీ అనకముందే తుడిచేసి పుల్లలు కావాలన్నాడు.

వాళ్ళ అమ్మగారితో మాట్లాడాను, ఈ వారం కళ్ళు చూపిస్తామన్నారు. చెవులు ఆ తర్వాత.

గీతల కాగితం కూడా పెట్టాను. నాలుగు రోజుల్లో ఒకే పాపని పదకొండు సార్లు అడిగాను. ఈ బాబుని అడిగింది రెండుసార్లు, అదీ మీరంతా చెప్పాక గుర్తు పెట్టుకుని. కానీ ఇంకో ఇద్దరి పేర్ల పక్కన ఒక్క గీత కూడా లేదు, వాళ్ళిద్దరూ బాగానే చదువుతారు, మెదలకుండా కూర్చుంటారు, వాళ్ళ గురించి నేను ఇక్కడ అడగాలని కూడా అనుకోలేదు. అందులో ఒక పాపకి రేపటి ప్రశ్న ఇవాళ సాయంత్రం చెప్పి పంపాను.